బల్లపై దరువు

గత సంవత్సరము వార్షికోత్సవమునకు పాటలు నేర్పుచున్న దినములలో, తొమ్మిదవ తరగతి బాలిక యొకతె బల్లపై వ్రేళ్లతో దరువు వేయుచు, నడుమ నడుమ నోటితో మద్దెల ధ్వని పలికించుచు, తాను కట్టిన మాటలను వడివడిగా చెప్పుచుండెను. మేము విని, "ఇది పాటయా, పోట్లాటయా?" అని గద్దించి, కార్యక్రమపు పట్టికనుండి ఆమె పేరు కొట్టివేసితిమి. తరగతి యంతయు నవ్వెను. మేమును నవ్వితిమి.

వేసవి సెలవులలో మా మేనల్లుడు 2002లో వెలువడిన 'షికాగో' అను అమెరికా చలనచిత్రమును మాకు చూపెను. అందు చెరసాల అధికారిణి వేషము ధరించినామె గంభీరకంఠమును, కన్నులలోని కొంటెతనమును మమ్ము మిక్కిలి ఆకర్షించెను. ఎవరీమె యని యడుగగా వాడు, "క్వీన్ లతీఫా, మామయ్యా. మొదట ర్యాప్ పాడినది. మీరు కొట్టివేసిన పాట ఇటువంటిదే గదా" అనెను. నాటినుండి ఆమె చరిత్రమును వెదకి చదువసాగితిమి.

ర్యాప్ అనగా రాగముకంటె లయకును ప్రాసకును పెద్దపీట వేసి మాటలను పలుకుట. 1970వ దశకమున న్యూయార్కు నగరపు బ్రాంక్స్ ప్రాంతమున నల్లజాతి యువజనుల వేడుకలలో ఇది పెరిగినది. బుర్రకథలో కథకుడు మాటను దరువుపై పరుగెత్తించుట వినియున్న మనకు ఇది బొత్తిగా క్రొత్త గాదు. ఆ పోలిక మాకానాడు తట్టలేదు.

లతీఫా అసలు పేరు డానా ఓవెన్స్. 1970 మార్చి 18వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రములోని న్యూఆర్క్ నగరమున జన్మించెను. తండ్రి పోలీసు ఉద్యోగి. 'లతీఫా' యను అరబ్బీ పేరు ఎనిమిదేండ్ల ప్రాయమున తానే యెన్నుకొన్నది. మృదుస్వభావ యని దాని యర్థము. తల్లి రీటా ఇర్వింగ్టన్ ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనము బోధించెడిది. కుమార్తెయు అచ్చటనే చదివి, బాస్కెట్‌బాల్ ఆడి, 'లేడీస్ ఫ్రెష్' అను బాలికల బృందమున నోటితో వాద్యధ్వనులు పలికించెడిది.

చదువరు లిచ్చట కొంచెము నిలువవలెను. ఆ తల్లియు మావలె హాజరుపట్టీ చేతబట్టిన మనిషియే. ఆమె గద్దింపలేదు సరికదా, పాఠశాలలో జరిగిన నృత్యవేడుకకు మార్క్ జేమ్స్ అను డీజేను తానే పిలిపించెను. ఆ పరిచయము కుమార్తెకు దారి యయ్యెను. 1989లో, పందొమ్మిదేండ్లకే, 'ఆల్ హెయిల్ ది క్వీన్' అను మొదటి ఆల్బమ్ వెలువడెను. ఈ పుట యొద్ద మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరక కూర్చుంటిమి.

1992లో ఆమె అన్న మోటారుసైకిలు ప్రమాదమున మరణించెను. ఆ బండి ఆమె బహూకరించినదే. దాని తాళపుచెవిని ఆమె చిరకాలము మెడలో ధరించెను. మరుసటి యేట ఆల్బమ్‌ను అన్నకు అంకిత మిచ్చెను. స్త్రీలను హీనముగా పిలుచువారిని నిలదీసిన 'యూనిటీ' యను పాట అందలిదే. దానికి 1995లో గ్రామీ బహుమానము లభించెను.

నటన సంగతి త్వరగా చెప్పెదము. 1991 నుండియే చలనచిత్రములలో చిన్న వేషములు, 1993 మొదలు 1998 వరకు 'లివింగ్ సింగిల్' అను టెలివిజన్ నాటకమున పత్రికా సంపాదకురాలి పాత్ర (మా పత్రికా సంపాదకులు సంతసింతురు గాక!), 'షికాగో' పాత్రకు ఆస్కార్ బహుమానమునకు ప్రతిపాదన. ఆ బహుమానము అదే చిత్రమున నటించిన కేథరిన్ జీటా జోన్స్‌కు దక్కెను. 2015లో బెస్సీ స్మిత్ అను పూర్వపు గాయని వేషము ధరించినది. అది మాకు 'షికాగో' కంటెను నచ్చినది. తల్లి రీటా 2018లో పరమపదించెను.

పాఠశాల తెరచిన పిమ్మట ఆ బాలికను పిలిచి, "అమ్మాయీ, ఈ యేడు నీ పాట వినిపింతువా?" అంటిమి.

"మానేశానండీ, మాష్టారూ" అని ఆమె నేలచూపులు చూచెను.

మేమేమియు అనజాలక, పట్టికలో అయిదవ అంశమున కెదుట ఆమె పేరు వ్రాసి, పాట పేరునకు చోటు విడిచితిమి. ఆ చోటు ఇంకను ఖాళీగనే యున్నది. నిన్న సాయంకాలము మాత్రము తరగతిగది ప్రక్కగా పోవుచుండగా లోపల బల్లపై దరువు వినవచ్చెను. మేము తొంగిచూడక, చెప్పుల చప్పుడు కానీయక నడచిపోతిమి.