చిన్నాయన షెడ్డు, రెండు జీపులు (క్యాంపస్ ముచ్చట్లు – 9)



పోయిన ఆదివారం పోస్టు చదివి, ఇంజనీరింగ్ చేస్తున్న ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు. "అన్నా, మనోళ్ళల్ల కవులున్నరు, లీడర్లున్నరు, ప్రొఫెసర్లున్నరు. మిషన్లు చేసేటోళ్ళు ఎందుకు లేరు?" రెండు రోజులు జవాబివ్వలేదు. జవాబు తెలుసు. కానీ అది చెప్పాలంటే మా చిన్నాయన గురించి చెప్పాలి. ఆయన గురించి ఎక్కడా చెప్పొద్దని నా దగ్గర ఎప్పుడో మాట తీసుకున్నాడు. మొన్న ఫోన్ చేసి అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రాయి బిడ్డా. గని పేరు రాయకు, గల్లీ రాయకు" అన్నాడు. ఎందుకన్నాడో చివర్లో చెప్తాను.

నేను 2014లో ఉస్మానియాలో ఎం.ఏ.లో చేరాను. హాస్టల్ సీటు వచ్చేదాకా మూడు నెలలు చిన్నాయన ఇంట్లో ఉన్నాను. తార్నాక చౌరస్తా నుంచి లాలాపేట దిక్కు పోతుంటే వచ్చే గల్లీల్లో ఒకటి. ముందర ఒక రూము, ఒక వంటిల్లు. వెనక పెరట్లో నాలుగు ఇనుప పైపులు పాతి పైన రేకులేసిన షెడ్డు. వెల్డింగ్ మిషను, గ్రైండరు, రెండు జాకీలు, చెయిన్ పుల్లీ, గోడకు వరుసగా పానాలు. ఇదే వర్క్‌షాపు. పగలు ఆర్ట్స్ కాలేజీలో క్లాసులు, పొద్దుగూకినంక షెడ్డులో టార్చి పట్టుకుని నిలబడే పని. నిజం చెప్పాలంటే నాకు రెండు యూనివర్సిటీలు.

చిన్నాయన ఏడో తరగతి దాటలేదు. పన్నెండేళ్ళకే బొంబాయి హైవే మీద ఒక లారీ షెడ్డులో హెల్పరుగా చేరాడు. ఆయన నాయిన, అంటే మా తాత, తోలు పని చేసేవాడు. చెప్పులే కాదు, మోటకు తోలు తొండం కుట్టేవాడు. నిండు నీళ్ళతో బాయిలోంచి పైకొచ్చే తొండం కుట్టు దగ్గర కారితే పొలం ఎండుతుంది. "మీ తాత తోలుకు నీళ్ళు ఆపిండు, నేను తోలు లేకుండ ఆయిల్ ఆపుతున్న. పని ఒక్కటే" అనేవాడు చిన్నాయన, గ్యాస్కెట్ కోస్తూ. మన క్యాంపస్‌లోనే పొలిటికల్ సైన్స్ చెప్పిన కంచ ఐలయ్య గారు తోలు శుద్ధి చేయడం ఒక సైన్సు అని ఎన్నో ఏళ్ళుగా వాదిస్తున్నారు. నేను దాన్ని పుస్తకంలో చదవకముందే షెడ్డులో విన్నాను.

2015 చలికాలంలో ఒక కస్టమరు జీపు తెచ్చాడు. మహీంద్రా ఎం.ఎం. 540. లోపల 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజిను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మంచి మనిషే, మాట మెత్తన. ఆదివారాలు దోస్తులతో సిటీ బయట రాళ్ళగుట్టల్లో, చెరువు శిఖాల్లో బండ్లు ఎక్కించి దించే సరదా. దాన్నే ఆఫ్ రోడ్ అంటారని అప్పుడే తెలిసింది. జీపును ఎత్తు చేయమన్నాడు.

ఆ పని ఎట్లా చేస్తారో చెప్తాను, ఎందుకంటే ఇందులో ఎంత లెక్క ఉందో మన పిల్లలకు తెలియాలి. కంపెనీ నుంచి ఈ జీపుకు కమాన్ పట్టీలు ఇరుసు కింద ఉంటాయి. వాటిని ఇరుసు మీదికి మారిస్తే బండి నాలుగైదు అంగుళాలు లేస్తుంది. చూడటానికి ఇంతే. కానీ పట్టీ కూర్చునే గద్దెను కోసి కొత్త చోట వెల్డింగ్ చేసేటప్పుడు ఇరుసు ఏ కోణంలో తిరిగిందో చూసుకోవాలి. కోణం తప్పితే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు వణికి వణికి విరుగుతాయి. బ్రేకు గొట్టాలు పొడుగు చాలవు. స్టీరింగ్ రాడ్డు వంకర పడి, గుంత తగిలితే బండి తనంతట తనే పక్కకు లాగుతుంది. ఎత్తు పెరిగినకొద్దీ పల్టీ కొట్టే ప్రమాదం పెరుగుతుంది.

చిన్నాయన ఒక తాడుకు నట్టు కట్టి వేలాడదీసి, నా పదో తరగతి కంపాస్ బాక్సులోని కోణమానిని పెట్టి కొలిచాడు. ముందు నాలుగు చోట్ల చుక్క వెల్డింగ్ పెట్టి, మళ్ళీ కొలిచి, తేడా ఉందని కోసేసి, మళ్ళీ పెట్టాడు. మూడోసారి నాకు విసుగొచ్చింది. "లోపల మనిషి కూసుంటడు బిడ్డా" అన్నాడు. కస్టమరు ఇంకా ఎత్తు కావాలన్నాడు, వెడల్పు టైర్లు కావాలన్నాడు. ఎత్తు విషయంలో చిన్నాయన ఒప్పుకోలేదు. ఆర్.సి.లో రాసినదానికి తేడా వచ్చే మార్పులు చేయొద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉందని చెప్పింది కూడా ఆయనే, పేపరు చదివే నేను కాదు. తర్వాత 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సంగతే గట్టిగా చెప్పింది.

నలభై రోజుల పని. డబ్బులు సరిగ్గానే ఇచ్చాడు. ఆ బండి ఒక గుట్ట ఎక్కిన వీడియో ఫేస్‌బుక్‌లో పెట్టాడు. పైన ఒక మాట: నా చేతులతో కట్టుకున్న బండి. కింద వందల లైకులు. ఎవరో అడిగారు, పని ఎక్కడ చేయించావని. తార్నాకలో ఒక లోకల్ మెకానిక్ కొంచెం హెల్ప్ చేశాడని జవాబు.

నాకు రక్తం మరిగింది. ఫోన్ తీసుకుపోయి చిన్నాయనకు చూపించాను. ఆయన మూడుసార్లు చూశాడు. రాసినదాన్ని ఒక్కసారి కూడా చదవలేదు. బండి రాయి మీదికి ఎక్కే చోట ఆపి, మళ్ళీ వెనక్కి పెట్టి, "ఎడమ పట్టీ మంచిగనే ఒంగుతుంది. సప్పుడు ఏమన్న ఇనొస్తుందా?" అని అడిగాడు. నేను కామెంట్ టైప్ చేశాను. చేయి పట్టుకుని ఆపాడు. "కస్టమరు పోతడు. ఆయనతోని ఇంకో నలుగురు పోతరు." తుడిపేశాను. ఆ కామెంట్ ఇన్నేళ్ళకు ఇక్కడ రాస్తున్నాననుకోండి.

కానీ ఆ వీడియోలో నన్ను ఎక్కువ కలిచింది పేరు లేకపోవడం కాదు, బురద. చక్రాలు మునిగేదాకా బురదలోకి బండి దింపి కేకలేస్తున్నారు. వాళ్ళు లక్షలు పెట్టి వెతుక్కుంటూ పోయిన ఆ బురద మా వాడకు దారి.

మాది జహీరాబాద్ దిక్కు నల్లరేగడి. దగ్గర్లోనే మహీంద్రా ఫ్యాక్టరీ ఉంది, ట్రాక్టర్లు తయారవుతాయి. ఊరి దాకా తారు రోడ్డు. అక్కడి నుంచి మా వాడకు కిలోమీటరు మట్టిబాట. ఒక వాన పడితే రేగడి చెప్పుకు, చక్రానికి, బర్రె గిట్టకు ముద్దలా అంటుకుంటుంది. 2013 శ్రావణంలో మా వదినకు నొప్పులొచ్చిన రాత్రి అంబులెన్సు ఊరి చావిడి దగ్గరిదాకా వచ్చి ఆగింది. డ్రైవర్ తప్పు లేదు, దిగబడితే అందరికీ కష్టమే. నులక మంచం మీద వదినను పడుకోబెట్టి నలుగురం మోశాం. మోకాలి లోతు. రెండుసార్లు మంచం జారింది. వదిన బతికింది. బిడ్డ దక్కలేదు. ఆ మంచం ఒక కోడు చిన్నాయన భుజం మీద ఉండె.

ఆ కస్టమరు జీపు నుంచి తీసిన పాత సామాను షెడ్డులో మూలకు ఉంది. పాత టైర్లు, పట్టీలు, సీట్లు, బంపరు. "తీసుకపో, స్క్రాపే కదా" అన్నాడాయన. 2016 ఎండాకాలంలో ఒక సర్కారు ఆఫీసు పనికిరాదని వేలం వేసిన జీపును చిన్నాయన 60,000కు పాడాడు. సగం చీటీ డబ్బులు, సగం అప్పు. అడుగున రేకు తుప్పుతో జల్లెడయింది. రాత్రుళ్ళు, కస్టమర్ల పని అయిపోయాక దాన్ని విప్పాం. చాసిస్ మార్చలేదు, ఇంజిను మార్చలేదు, ఎత్తు పెంచలేదు. రోడ్డు మీద ఆపితే మన కోసం ఫోన్ చేసేవాడు లేడు కాబట్టి కాగితాలు మనకే ఎక్కువ సక్కగుండాలని ఆయన లెక్క. తుప్పు కోసి కొత్త రేకు అతికాడు. ఫోర్ వీల్ గేరు తెరిచి బేరింగులు మార్చాడు. ఎనక సీట్లు తీసేసి, మనిషిని పడుకోబెట్టేలా ఒక పలక, దానికి బెల్టులు పెట్టాడు. సన్నటి పాత టైర్లనే ఉంచాడు. వెడల్పు టైరు రేగడి మీద తేలి జారుతుంది, సన్నది కోసుకుంటూ కింద గట్టి నేలను పట్టుకుంటుందని ఆయన అనుభవం.

డిఫరెన్షియల్ విప్పిన రాత్రి నాకొక పాఠం. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరగాలి. అందుకే రెంటి మధ్య ఈ పళ్ళ చక్రాలు. మంచి రోడ్డు మీద అద్భుతమైన ఏర్పాటు. బురదలో మాత్రం ఒక చక్రం జారిందంటే తిరుగుడంతా దానికే పోతుంది. గట్టి నేల మీద ఉన్న చక్రం కదలదు. ఇంజిను ఎంత గుంజినా ఒక్క చక్రం గాల్లో గిర్రున తిరుగుతుంది, బండి అక్కడే ఉంటుంది. అందుకని ముందు ఇరుసును కూడా కలుపుతారు, ఇంకెక్కడైనా పట్టు దొరుకుతుందని. హాస్టల్లో రిజర్వేషన్ల మీద లొల్లి అయినప్పుడల్లా నాకు ఈ పళ్ళ చక్రాలు గుర్తొస్తాయి. అందరికీ ఒకే రూలు అన్నది సాపు రోడ్డు మీద న్యాయం. బురదలో ఉన్నవాడికి ఇంకో ఇరుసు కలపాలి.

2016 వానల్లో జీపు వాడకు చేరింది. మా నాయనమ్మ సప్పుడు విని తలుపేసుకుంది. ఆమె కాలంలో వాడలోకి జీపొచ్చిందంటే ఎవరినో ఎత్తుకపోవడానికే. చిన్నాయన హారన్ కొట్టి, దిగి, "అమ్మా, నేనే" అంటే గాని తలుపు తీయలేదు. జీపులో చిన్న నోటుబుక్కు పెట్టాడు. తారీఖు, టైము, ఎవరు, ఎందుకు. వాడలో ఉన్న మా తమ్ముడు నడిపేవాడు. ఆ ఒక్క వానాకాలం 14 ట్రిప్పులు. ముగ్గురు బాలింతలు, ఒక పాము కాటు, మిగతావి జరాలు, వాంతులు.

నేను సంబురంగా అన్నాను, "చిన్నాయనా, దారి దొరికింది." ఆయన అన్నాడు, "థూ. జీపుతోని సంబురపడితే వాళ్ళు రోడ్డు ఎప్పటికీ ఎయ్యరు. ఆ బుక్కు తీసుకపో, నీ చదువుతోని ఏమైతదో చూడు."

నా చదువుకు అంత సూటి ప్రశ్న ఏ వైవాలోనూ పడలేదు. 2013 సబ్‌ప్లాన్ చట్టం మన జనాభా దామాషాలో నిధులు పక్కన పెట్టాలని చెప్పింది. తెలంగాణలో దాని స్థానంలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వచ్చింది. ఖర్చు కాని డబ్బు వచ్చే ఏడాదికి కలపాలన్న నియమం అందులో ఉంది. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. 14 ట్రిప్పుల జిరాక్సు జోడించి కలెక్టరాఫీసు ప్రజావాణిలో ఇచ్చాం. మళ్ళీ మళ్ళీ ఇచ్చాం. 2018 ఆఖరుకు సీసీ రోడ్డు పడింది, మోరీ దాకా. మోరీ నుంచి వాడకు 300 మీటర్లు ఇప్పటికీ రేగడే. జీపు ఇప్పటికీ మోరీ పక్కనే ఉంటుంది. నోటుబుక్కులు ఆరయ్యాయి.

ఇప్పుడు పేరు సంగతి. తార్నాకలో ఆ ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ఓనరు మొదట అడిగింది "మీరేమిట్లు?" అని. చిన్నాయన ఇంకో కులం పేరు చెప్పాడు. అంతకుముందు నిజం చెప్పి మూడు ఇళ్ళు పోగొట్టుకున్నాడు. ఇల్లు పోతే రూము పోతుంది, షెడ్డు పోతుంది, కస్టమర్లు పోతారు. కాబట్టి ఆయన పేరు చెప్పని ఆ కస్టమరు మీద కోపం తెచ్చుకున్న నేనే, ఇన్ని మాటల తర్వాత కూడా ఆయన పేరు చెప్పలేను. కస్టమరు చెప్పకపోవడం దర్జా. నేను చెప్పకపోవడం భయం. రెంటికీ మధ్య ఆయన పని మాత్రం గుట్టలెక్కుతుంది.

మన ఆర్ట్స్ కాలేజీ 1939లో తెరిచారు. డిజైన్ బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్‌దని ఫస్టియర్ పిల్లలు కూడా చెప్తారు. 1953 జనవరి 12న మన యూనివర్సిటీ బాబాసాహెబ్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చిందని ప్రతి ఏడూ గుర్తు చేసుకుంటాం. మంచిదే. కానీ ఆ గ్రానైటు చెక్కినవాళ్ళలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా? క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌ను జనం ఇప్పటికీ వడ్డెర బస్తీ అనే పిలుస్తారు. ఆ మెట్ల మీద కూర్చుని మీటింగులు పెట్టే మనం ఎన్నిసార్లు ఆ బస్తీకి పోయి అడిగాం?

తమ్ముడూ, మిషన్లు చేసేటోళ్ళు ఉన్నారు. పేరు చెప్పుకునే వీలు లేకుండా ఉన్నారు. నీ ఇంట్లోనో, నీ వాడలోనో ఒకరుంటారు. సెలవుల్లో పోయి పక్కన కూర్చో. ఏం కొలుస్తాడో, ఎందుకు కోసి మళ్ళీ అతుకుతాడో రాసుకో. పేరు వద్దంటే పేరు రాయకు. పని రాయి.

పోస్టు పెట్టే ముందు చిన్నాయనకు మొత్తం చదివి వినిపించాను. వదిన దగ్గర కాసేపు ఆపమన్నాడు. అంతా అయ్యాక ఒకటే మాట అన్నాడు. "పట్టీలు మీదికి మార్చినంక యూ బోల్టులు ఒక వంద కిలోమీటర్లు తిరిగి మళ్ళ బిగించాలె. అది రాయలె నువ్వు. ఎవలన్న సదివి చేసుకుంటే పడిపోతరు, రాయి."

రాశాను చిన్నాయనా.

వచ్చే ఆదివారం పదో భాగం. జై భీమ్.