కపిల్ జట్టా, ధోనీ జట్టా?

మార్టూరులో మిర్చి లారీలు ఆగే టీ బంకు దగ్గర ఈ వాదన తెగదు: క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన కపిల్ 1983 జట్టు, ధోనీ 2011 జట్టు తలపడితే గెలుపెవరిది? అమెరికాలో బేస్‌బాల్ అభిమానులు పాత గణాంకాలతో, పాచికలతో, కంప్యూటర్లతో ఇలాంటి పోటీలే ఆడిస్తారు. నాకది భలే ఇష్టం.

అయితే కాలం తేడా చూడాలి. 1983లో 60 ఓవర్లు, ఎర్రబంతి. ఫైనల్లో మనవాళ్లు 183కే ఆలౌటైనా వెస్టిండీస్‌ను 140కే కూల్చారు. 2011లో 50 ఓవర్లు, తెల్లబంతి, పవర్‌ప్లేలు. ఫైనల్లో 275 లక్ష్యాన్ని నాలుగు వికెట్లే కోల్పోయి కొట్టేశారు. అందుకే పరుగులు పక్కపక్కన పెట్టి తేల్చకూడదు. ఎవరు తమ కాలంవాళ్లకంటే ఎంత మెరుగో లెక్కగట్టాలి. అప్పుడు 12 పరుగులిచ్చి 3 వికెట్లు తీసిన మొహిందర్ అమర్‌నాథ్ విలువ, 91తో నిలిచిన ధోనీ విలువ రెండూ తెలుస్తాయి. ఆ మ్యాచ్‌లు చూడని పిల్లలకు ఆట చరిత్ర నేర్పడానికి ఇంతకన్నా మంచి దారి లేదు.