కోత కాగితం (జీతం కథలు: 7వ భాగం)

జూన్ వచ్చిందంటే స్టాఫ్ రూముల్లో ఒకటే మాట. "ఫారం 16 వచ్చిందా?" దాని వెనకే ఇంకో మాట కూడా వస్తుంది. "మన పన్నులతో ఎవరెవరో చదువుకుంటున్నారు, ఎవరెవరో కూర్చుని తింటున్నారు." ఆ మాట ఎవరి వైపు చూసి అంటారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. నేను పనిచేసిన ప్రతి కాలేజీలో విన్నాను.

దానికి జవాబు చెప్తాను. కానీ ముందు జీతం కాగితం చదవాలి మిత్రులారా. మనలో చాలామంది ఇంట్లో నెల జీతం అందుకున్న మొదటి మనుషులం. జీతం ఎంత పడిందో మెసేజ్‌లో చూసుకుంటాం. ఎంత కోశారు, ఎందుకు కోశారు, కోసింది ఎక్కడికి పోయింది అని చెప్పేవాళ్ళు ఇంట్లో ఉండరు.

తెలుగు పాఠం చెప్పుకునేదాన్ని కాబట్టి మాటలతోనే మొదలుపెడతాను. టీడీఎస్‌ని మన పేపర్లు 'మూలం వద్ద పన్ను కోత' అంటాయి. కోత అంటే మా అమ్మకు వరికోత. ఎన్ని మడులు కోశారో మేస్త్రి రాసుకునేవాడు. ఆ రాత అమ్మకు రాదు. కానీ సాయంత్రం ఆయన తక్కువ చెప్తే ఊరుకునేది కాదు. "నీ కాయిదం నీకుంటే నా లెక్క నాకుంది" అనేది. ఇంకో మాట మినహాయింపు. జీతంలోంచి మినహాయించారంటే తీసుకున్నారని. పన్ను నుంచి మినహాయించారంటే వదిలేశారని. పోయేదానికీ మిగిలేదానికీ తెలుగులో ఒకే మాట. అందుకే ఎక్కడ ఆ మాట కనబడ్డా ఆగి, దేనిలోంచి, ఎవరికి అని అడగాలి.

నా సంగతి చెప్తాను. పీహెచ్‌డీ చేస్తూ 2016-17లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గెస్ట్‌గా పాఠాలు చెప్పాను. గంటకు 300 రూపాయలు. నెలకు 72 గంటలు. అంటే 21,600. చేతికి వచ్చేది 19,440. మిగతా 2,160 ఏమైందంటే "ట్యాక్స్ పోయింది మేడమ్" అన్నారు. పది నెలలు కలిపితే 21,600. పది నెలలు చెప్తే తొమ్మిది నెలల జీతం వచ్చిందన్నమాట. ఏడాది మొత్తం నా సంపాదన 2,16,000. ఆ ఏడాది రెండున్నర లక్షల దాకా పన్నే లేదు.

అకౌంట్స్‌లో మనవాడొక అన్న ఉండేవాడు. ఆయన చెప్పాడు. "అది పోలేదు చెల్లె. నీ పాన్ నంబర్ మీద జమైంది. రిటర్న్ వేసి అడుక్కోవాలె."

"అడుక్కోవడం ఎందుకన్నా, అడుగుతా" అన్నాను.

ఆయనే ఇన్‌కమ్ ట్యాక్స్ వెబ్‌సైట్‌లో ఫారం 26ఏఎస్ తీసి చూపించాడు. మన పాన్ మీద ఎవరు ఎంత కోసి ప్రభుత్వానికి కట్టారో అందులో ఉంటుంది. నా పదింట ఒకవంతు అక్కడ భద్రంగా ఉంది. రిటర్న్ వేశాను. మొత్తం బ్యాంకులో పడింది. థీసిస్ బైండింగు, మూడు నెలల అద్దె దాంతోనే గడిచాయి. ఆ స్టాఫ్ రూములో గెస్టులం ఐదుగురం. నేను చెప్పేదాకా మిగతా నలుగురూ ఆ డబ్బు పోయిందనే అనుకున్నారు.

ఆ కాగితంలో డబ్బుకన్నా పెద్ద సంగతి ఒకటుంది. కోత పక్కన సెక్షన్ నంబర్ ఉంటుంది. అప్పట్లో జీతం మీద కోస్తే 192. ప్రొఫెషనల్ ఫీజు మీద కోస్తే 194జె. నా పేరు పక్కన 194జె ఉంది. అంటే కాలేజీ తన లెక్కల్లో నన్ను ఉద్యోగి అని రాసుకోలేదు. బయటినుంచి వచ్చి సేవ చేసి ఫీజు తీసుకుపోయే మనిషినని రాసుకుంది. రోజూ అటెండెన్స్ రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకున్నారు, ఇన్విజిలేషన్ వేశారు, అడ్మిషన్ల కోసం ఊళ్ళకు తిప్పారు. కాగితం మీద మాత్రం నేను వాళ్ళ ఉద్యోగిని కాను. ఉద్యోగి కాకపోతే పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, జీతంతో సెలవు లేదు. శాశ్వత పోస్టుకు రోస్టర్ చూడాలి. గంటల లెక్క మనిషికి ఆ పట్టింపు నేను చూసిన చోట్ల లేదు. అందుకే గెస్ట్‌గా, పార్ట్‌టైమ్‌గా పనిచేస్తున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ముందు ఆ సెక్షన్ నంబర్ చూడండి. మిమ్మల్ని వాళ్ళు ఏమనుకుంటున్నారో అక్కడ రాసి ఉంటుంది.

ఇక రెగ్యులర్ జీతం. ఏడాదికి మీకు ఎంత వస్తుందో ఆఫీసు ముందే అంచనా వేస్తుంది. దాని మీద పన్ను లెక్కేసి, నెలలకు పంచి కోస్తుంది. పాత పద్ధతా, కొత్త పద్ధతా అని మీరు చెప్పకపోతే కొత్త పద్ధతిలోనే కోస్తారు. పాత పద్ధతి కావాలంటే అద్దె, ఎల్ఐసీ, ఇంటి లోను వివరాలు ఫారంలో రాసిచ్చి రుజువులు పెట్టాలి. పెట్టకపోతే ఫిబ్రవరి, మార్చి జీతాల్లో ఒక్కసారిగా కోస్తారు. ఏడాది ముగిశాక జూన్ 15 లోపు ఫారం 16 ఇవ్వాలి. పార్ట్ ఏలో ఏ మూడు నెలల్లో ఎంత కోసి ఎంత కట్టారో ఉంటుంది. పార్ట్ బీలో జీతం, మినహాయింపులు, పన్ను లెక్క ఉంటాయి. ఫీజుగా కోస్తే ఇచ్చేది ఫారం 16ఏ.

ఈ ఫారాన్ని మన కళ్ళతో చదవండి. పాత పద్ధతిలో ఇంటద్దె మినహాయింపు కావాలంటే రసీదులు కావాలి. అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనర్ పాన్ నంబర్ కావాలి. "మీరేమిట్లు?" అని అడిగి తాళం చెవి వెనక్కి తీసుకునే ఊళ్ళో, ఎట్లాగో దొరికిన ఇంటి ఓనర్‌ని పాన్ ఇమ్మని అడగగలమా? పిల్లల ట్యూషన్ ఫీజుకు గడి ఉంది, మన సొంత పిల్లలైతేనే. తమ్ముడి బీటెక్ ఫీజుకు గడి లేదు. చెల్లి పెళ్ళి అప్పుకు గడి లేదు. నెలనెలా అమ్మానాన్నలకు పంపే ఐదువేలకు గడి లేదు. ఒక్క జీతం మీద రెండు మూడు కుటుంబాలు నిలబడే మొదటి తరం మనిషిని ఆ ఫారం రాసినవాళ్ళు ఊహించలేదు. ఆస్తి ఉన్నవాడి జీవితమే ఆ గడుల్లో చక్కగా సరిపోతుంది.

మా అమ్మ ఇప్పుడు టౌన్‌లో ఒక ఆసుపత్రిలో కాంట్రాక్టర్ కింద పారిశుద్ధ్య పని చేస్తుంది. అమ్మకు ఇన్‌కమ్ ట్యాక్స్ రాదు. నెలకు 15,000 లోపు కాబట్టి వృత్తి పన్ను కూడా లేదు. కానీ కోతలున్నాయి. కాగితం మీద జీతం 12,000. పీఎఫ్ 12 శాతం 1,440. ఈఎస్‌ఐ ముప్పావు శాతం 90. పోను 10,470 రావాలి. అమ్మ చేతికి వచ్చేది 9,000. స్లిప్పు అడిగితే "నీకెందుకమ్మా స్లిప్పు, చదువుతావా?" అన్నాడట సూపర్‌వైజర్. అమ్మ పీఎఫ్ ఖాతాకు ఇంకెవరిదో ఫోన్ నంబర్ తగిలించి ఉంది. నంబర్ మార్పించి పాస్‌బుక్ తెరిస్తే ఐదు నెలలు ఖాళీ.

అప్పుడు అమ్మతో పాటు పదకొండుమంది వేలిముద్రలు, సంతకాలతో దరఖాస్తు రాసి ఆసుపత్రి ఆఫీసులో ఇచ్చి, పీఎఫ్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టాం. రెండు నెలలకు ఆ ఐదు నెలల సొమ్ము జమైంది. స్లిప్పులు మొదలయ్యాయి. నెలకు తక్కువ ఇచ్చిన 1,470 కోసం ఇంకా కొట్లాడుతున్నాం. కార్మికుల జీతంలో పీఎఫ్ కోసి కట్టకపోతే అది నమ్మకద్రోహం కిందకు వచ్చే నేరం. టీడీఎస్ కోసి ప్రభుత్వానికి కట్టకపోతే జైలు శిక్ష దాకా ఉంది. కోసినట్టు మన దగ్గర రుజువుంటే ఆ పన్ను మళ్ళీ మనల్నే కట్టమనకూడదని చట్టం చెప్తుంది. రుజువు అంటే ఆ స్లిప్పే. అందుకే దాచుకోండి.

ఇప్పుడు "మన పన్నులు" అన్నవాళ్ళకి జవాబు. మా అమ్మ చేతులు కడుక్కునే సబ్బు మీద 2025 సెప్టెంబర్ దాకా జీఎస్టీ 18 శాతం ఉండేది. వెయ్యి లోపు చెప్పుల మీద అప్పటిదాకా 12 శాతం ఉండేది. ఆ చెప్పుల పన్ను ప్రొఫెసర్‌కీ పాకీ మనిషికీ ఒకటే రేటు. అమ్మకు దానికి రిటర్న్ లేదు, రీఫండ్ లేదు, ఫారం 16 లేదు. కాగితం లేదు కాబట్టి కట్టలేదనుకుంటున్నారు.

ఇంకా వెనక్కి వెళ్దాం. వెట్టి అనే మాటకు సంస్కృతంలో విష్టి అని రూపం ఉంది. పాత రాజ్యాల్లో విష్టి కూడా రాజుకు చెల్లించే బాకీల్లో ఒకటి. వాకాటకుల దాన శాసనాల్లో, దానమిచ్చిన ఊళ్ళకు విష్టి నుంచి మినహాయింపు అని రాసి ఉంటుంది. మినహాయింపు శాసనమెక్కింది. చేసిన చాకిరీ ఎక్కలేదు. నిజాం తెలంగాణలో మాల మాదిగ ఇళ్ళ నుంచి మనిషిని పంపి దొరకూ, వచ్చిన అధికారికీ ఉత్త పుణ్యానికి పనిచేయాల్సి వచ్చేది. నూటికి నూరు శాతం కోత అది. రాజ్యాంగం 23వ అధికరణంలో దాన్ని నిషేధించింది. మా ముత్తాత కట్టిన ఆ పన్నుకు రసీదు ఎవరిస్తారు?

బాబాసాహెబ్‌ని రాజ్యాంగంతోనే గుర్తుపెట్టుకుంటాం. ఆయన 1925లో అచ్చేసిన పుస్తకం బ్రిటిష్ ఇండియాలో ప్రాంతీయ ప్రభుత్వాల ఆదాయ వ్యయాల గురించి. ఎవరి దగ్గర వసూలు చేసి ఎక్కడ ఖర్చు పెడుతున్నారన్నది ఆయన ఏళ్ళ తరబడి చదివిన విషయం. ఆయన పేరు చెప్పుకునే మనం ఒక ఫారం చూసి బెదరకూడదు.

ఈ నెలలో ఈ పనులు చేయండి. ఏప్రిల్ నుంచి మార్చి దాకా స్లిప్పులు ఒకచోట పెట్టండి. ఫారం 16 గానీ 16ఏ గానీ రాతపూర్వకంగా అడగండి. 26ఏఎస్ తీసి మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కోసింది అక్కడ కనబడకపోతే ఆఫీసుకు దరఖాస్తు ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. పన్ను రాని ఆదాయం మీద కోసి ఉంటే రిటర్న్ వేయండి. 2024-25కి మామూలు గడువును 2025 సెప్టెంబర్ 16 దాకా పెంచారు. డిసెంబర్ 31 దాటితే రీఫండ్ రాబట్టుకోవడం చాలా కష్టం. 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12,75,000 దాకా జీతం మీద పన్ను పడదు. ఆ లోపు జీతం మాత్రమే ఉన్నా కోస్తుంటే ఇప్పుడే అడగండి, మార్చి దాకా ఆగొద్దు. ఇంట్లో కాంట్రాక్ట్ పనిచేసేవాళ్ళుంటే ఉమాంగ్ యాప్‌లో వాళ్ళ పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, వాళ్ళ పక్కన కూర్చుని చదివి వినిపించండి.

వచ్చే భాగంలో గ్రాట్యుటీ గురించి.

జై భీమ్.