కొన్న వస్తువునకు తాళము

అమెరికాలో పదేండ్లు కాపురముండి స్వదేశమునకు మరలివచ్చుచు మా చెల్లెలు, తన బిడ్డలు పసితనమున ముచ్చటపడి చూచిన చలనచిత్రముల డీవీడీలను, పూర్తి ధర చెల్లించి కొన్నవానిని, పెట్టెనిండ మోసికొని తెచ్చినది. మా యింటి యంత్రమున నొక్కటియు నాడలేదు. బిళ్ల చెడలేదు, యంత్రమును చెడలేదు. అమెరికాకు 1వ సంఖ్యను, భారతదేశమునకు 5వ సంఖ్యను కేటాయించి చిత్రవ్యాపారులు భూగోళమును పంచుకొనియుండుటచే, బిళ్ల సంఖ్యయు యంత్రపు సంఖ్యయు పొసగనిచోట బొమ్మ తెరమీదికి రాదు. కంప్యూటరు డ్రైవులో నీ సంఖ్యను మార్చుకొనవచ్చును గాని, అయిదు మారులు మాత్రమే. ఆపై నున్నదే శాశ్వతము.

దీనికి తోడు బిళ్లలోని దృశ్యమును మరుగుపరచు సీఎస్ఎస్ అను గూఢలిపి యొకటి. దానిని భేదించు సాధనము 1999లోనే వెలువడినది. అందు పాలుగొన్న నార్వే యువకుడు యాన్ లెక్ యోహాన్సెన్‌పై అభియోగము మోపగా, 2003లో అచ్చటి న్యాయస్థానములు ఆతనిని నిర్దోషిగా విడిచిపెట్టినవి. సంతలో నమ్ము దొంగబిళ్లకు మాత్రము ఏ తాళమును లేదు, అది యెచ్చటనైనను ఆడును! కళాకారునికి ప్రతిఫలము దక్కితీరవలెనని మనఃపూర్వకముగా నమ్మినవాడను. అయినను, సొమ్ము చెల్లించిన గృహస్థును దొంగవలె శంకించు ఈ పద్ధతి అన్యాయమనియే నా నిశ్చితాభిప్రాయము.

మన కాపీరైటు చట్టమున 2012లో చేర్చిన 65ఏ విభాగము, హక్కులను భంగపరచు నుద్దేశముతో తాళము విరిచినవానికే రెండేండ్లవరకు కారాగారము విధించుచున్నది. మా చెల్లెలి పెట్టె యింకను అటకమీదనే యున్నది.