రాగిపట్టణపు రైలుస్టేషను

నార్వేదేశపు నడిభాగమున, సముద్రమట్టమునకు 628 మీటర్ల యెత్తున, రోరోసు అను చిన్న పట్టణము గలదు. ఊరంతయు కొయ్యయిండ్లే. వానినడుమ 1784లో కట్టిన తెల్లని రాతిచర్చి యొక్కటి మాత్రము ఎత్తుగా నిలిచియుండును. 1644లో నచ్చట రాగిపని యారంభమైనది. ముడిరాతిని కరగించుటకు బొగ్గు కావలెను; ఆ బొగ్గునకై చుట్టుపట్ల కొండలనెల్ల బోడిచేసిరి. ఊరిచివర చిట్టెపుగుట్టలు నేటికిని నల్లగా నిలిచియున్నవి. ఇక చలిమాట చెప్పవలసిన పనియే లేదు. 1914 జనవరిలో సున్నకు దిగువ 50 డిగ్రీలు దాటినది! ఇట్టిచోటికి రైలుబండి యేల వచ్చెనని సోదరీమణు లడుగవచ్చును.

రాగికొఱకే వచ్చినది. అంతకుముందు రాగిని గుఱ్ఱములు లాగెడివి. సరస్సులు గడ్డకట్టి, నేల మంచుతో చదునైనపుడు రైతులు జారుడుబండ్లు కట్టుకొని బయలుదేరెడివారు. బాల్యమున ఈ గనులలో పనిచేసిన యోహాన్ ఫాల్కబెర్గె (1879–1967) తరువాత గొప్ప రచయిత యయ్యెను. 1940 మొదలు 1959 వఱకు నాలుగు సంపుటములుగా వెలువడిన యాతని నవలలో నాయిక రాజకుమారి కాదు. ఎద్దును తోలుకొని ముడిరాయి మోయు అన్-మాగ్రిత్ అను బీదపిల్ల. ఈ యూరి కథకు అట్టి నాయికయే తగును.

రైలుమార్గములకు పెద్దయైన కార్ల్ అబ్రహాం పీల్ (1825–1897) మితవ్యయి. కొండలు మెండు, ధనము కొంచెము. కావున పట్టాల నడుమ దూరము 1067 మిల్లీమీటర్లు చాలునని యాతడు వాదించెను. ఇరుకుదారి మలుపులలో సులువుగా తిరుగును, ఖర్చును తగ్గును. హామారు పట్టణమునుండి రోరోసు మీదుగా ట్రోండ్‌హైము చేరు మార్గమునట్లే వేసిరి. 1877 అక్టోబరులో రెండవ ఆస్కారు రాజు దానిని ప్రారంభించెను. ఆ దినములలో రాజధానినుండి వచ్చువారు ఐడ్స్‌వోల్ వఱకు పెద్దబండిలో వచ్చి, స్టీమరుమీద మ్యోసా సరస్సు దాటి, హామారులో చిన్నబండి యెక్కవలెను. 1880లో పెద్దదారి హామారు చేరినను బండి మారుట తప్పలేదు. పట్టాలలో మిగిల్చిన సొమ్ము ప్రయాణికుల మూటలు మోయించినది! మార్గమంతయు వెడల్పగుటకు 1941 వచ్చినది.

పట్టాలయందు పొదుపుచేసిన దేశము స్టేషనుల విషయమున మాత్రము చేయి ముడువలేదు. ఈ మార్గపు స్టేషనులకు నమూనాలు గీచినవాడు పీటర్ ఆండ్రియాస్ బ్లిక్స్ (1831–1901). రోరోసు స్టేషనును కొయ్యకట్టడమే. ఆకాలమున నార్వేలో స్విట్జర్లెండు కొండయిండ్ల రీతి యన్న మోజు మెండు. పైకప్పు గోడలు దాటి ముందుకు చాచియుండును. చూరుబల్లలకు చెక్కడపుపని, దూలముల కొనలకు నగిషీ. ఇది వట్టి సింగారము కాదు. వెడల్పాటి చూరు గోడలకు మంచు తగులనీయదు. కొయ్యయూరిలో కొయ్యస్టేషను పరాయిదిగా తోపదు. ఇంతకన్న గొప్ప ఇటుకకట్టడము కట్టియుండిన, అది యీ యూరిని చిన్నబుచ్చియుండెడిదని నా తలంపు.

ఆ దేశపు స్టేషనులలో మేడమీద స్టేషనుమాష్టరు కుటుంబము కాపురముండుట వాడుక. క్రింద టిక్కెట్టుకిటికీ, పైన వంటిల్లు. బండివేళలను బట్టి వంట, వంటవేళలను బట్టి పిల్లలు! కట్టినవాని పేరు గ్రంథములలో నిలిచినది గాని, ఆ యింటిని చలికాలమంతయు వెచ్చగా నుంచిన గృహిణుల పేరు లెందును గానరావు.

బ్లిక్స్ స్వభావమును తెలుపు సంగతి యొకటి కలదు. వీక్ అను చోట శిథిలమైన ప్రాచీన రాతిచర్చిని తన సొంతధనముతో బాగుచేయించెను. ఆతని యస్థికలు ఆ చర్చియందే యున్నవి.

1977లో, రైలు వచ్చిన నూరేండ్లకు, రాగిసంస్థ దివాలా తీసి మూతపడినది. 1980లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్కృతిసంస్థ ఈ పట్టణమును ప్రపంచవారసత్వముగా నెంచినది. బండ్లు నేటికిని వచ్చుచున్నవి. 1854 మొదలుగా ఫిబ్రవరిలో జరుగు సంతకు గుఱ్ఱపు జారుడుబండ్లును దూరదేశములనుండి మంచుమీదుగానే వచ్చుచున్నవి, స్వీడనునుండియు వచ్చువారున్నారు. రైలు దిగినవారు వీధి కిరుప్రక్కల నిలిచి ఆ గుఱ్ఱములను చూతురు.