పంటి లోపలి లోహము

దంత్యాక్షరాలను ముప్పైయేళ్ళకు పైగా పిల్లలచేత పలికించినవాడిని. భూపాలపల్లి, మహబూబాబాదులలో పనిచేసి జనగామలో స్థిరపడ్డాను. 2016కు ముందు ఈ మూడూ వరంగల్లు జిల్లాలోనివే. నాలుక కొస పై పంటిని తాకితే ‘త’కారం పుడుతుందని చెప్పడం సులభం. ఆ పన్ను విరిగినప్పుడు గదా దాని విలువ తెలిసేది!

ఉద్యోగ విరమణానంతరం నా ముందుపన్ను విరిగింది. లోహంమీద పింగాణి కాల్చిన తొడుగొకటి వేయించుకున్నాను. ఏడాది తిరగకుండానే పింగాణి పెచ్చు ఊడి లోహం బయటపడింది. ‘సరస్వతి’ అనబోతే ఈల వినబడేది. మనుమరాలు నవ్వింది. ఆనాటినుండి ఆమెకు పద్యం వినిపించడం మానుకున్నాను.

పంటి తొడుగులు చేసే నా పూర్వవిద్యార్థి ఒకడు దానిని చూసి, "లోహం నున్నగ బయటపడ్డది సార్, తయారీలనే లోపముండొచ్చు" అన్నాడు. కొత్తది తానే చేశాడు. దగ్గర కూర్చొని చూశాను.

మైనపు నమూనాను అచ్చులో కరిగించి, ఆ ఖాళీలో నికెల్ క్రోమియం మిశ్రమాన్ని పోశాడు. ఆ గుల్లను పలుచనిచోట 0.3 మిల్లీమీటర్ల వరకు అరగదీశాడు. 50 మైక్రాన్ల అల్యూమినా పొడిని గాలితో చిమ్మి గరుకు చేశాడు. ఆవిరితో కడిగాక వేలు తగలనీయలేదు. చర్మపు జిడ్డు సైతం పింగాణిని పట్టనీయదట. తరువాత వేయి డిగ్రీలకు చేరువగా కాల్చాడు. లోహంమీద సన్నని ఆక్సైడు పొర ఏర్పడింది.

"ఈ పొర లేకుంటే పింగాణి పట్టది సార్. మందమైతే పొరతోనే ఊడొస్తది."

ఇత్తడి చెంబు కిలుమును చింతపండుతో తోమి వదిలించే మనకు, అటువంటి పొరయే ఇక్కడ బంధమనడం వింత. జనగామ ప్రక్కనున్న పెంబర్తి శిల్పులు దేవుని వాహనాల కొయ్యకు ఇత్తడి రేకు తొడుగుతారు. అక్కడ లోహం మెరవాలి. ఇక్కడ మరుగున ఉండి మోయాలి.

వ్రాత బాగులేదని ఒకప్పుడు నేను బెత్తంతో కొట్టినవి ఆ వేళ్ళే. ఆ మాట ఎత్తి, "తప్పు చేశాను నాయనా" అన్నాను. వాడు తల ఎత్తలేదు. "వ్రాత ఇప్పటికీ గంతే సార్" అన్నాడు.

వైద్యుడు తొడుగు అమర్చిననాడు వాడూ వచ్చాడు. "సరస్వతి అనుండ్రి సార్."

అన్నాను. ఈల రాలేదు.

ఆ సాయంత్రం మనుమరాలిని పిలిచి పద్యం చదివాను.