గదికి అనుమతి, చేతికి విద్య

మా అవ్వ నుదుట పచ్చబొట్టు ఉండెడిది. ఆమె బాల్యమున మల్దకల్లు తిమ్మప్ప జాతరలో ఎరుకల స్త్రీ యొకతె ఆమెను ఎదుట కూర్చుండబెట్టుకొని, దీపపుమసిని ఆకుపసరుతో కలిపి, సూదులతో ఆ బొట్టు పొడిచెనట. ఏడ్చుచున్న పిల్ల నోట ఒక బెల్లపుముక్క పెట్టిరట. "సొమ్ములు దొంగలెత్తుకపోతరు గాని, ఈ బొట్టు నాతోనే వస్తది" అని అవ్వ అనుచుండెడిది. అన్నట్లే అది ఆమెతోనే పోయినది.

ఆ మాట నాకు మరల జ్ఞప్తికి వచ్చుటకు కారణ మొకటి కలదు. నేను వనపర్తిలో కాపుర మున్నదానను. నా చెల్లెలు గద్వాలలోను, తమ్ముడు నాగర్‌కర్నూలులోను ఉన్నారు. కొన్నేండ్ల క్రిందట నాకు థైరాయిడు జబ్బు కలిగి కనుబొమ్మల చివరలు రాలిపోయినవి. మాత్రలు వేసికొనుచున్నను అవి పూర్తిగా తిరిగి మొలవలేదు. ప్రతిదినము ఉదయమున కాటుకతో వానిని దిద్దుకొనుట నాకు అలవాటయ్యెను. ఎండకాలమున మధ్యాహ్నమునకే అది చెమటతో కారిపోవును. పేరంటములకు పోయినపుడు ముఖము తుడుచుకొనుటకైనను భయమే. ఇది గొప్ప కష్టమని నేను చెప్పను. కాని అద్దము ముందు నిలుచు స్త్రీలకు ఇట్టి చిన్నకష్టపు బరువు తెలియును.

నా చెల్లెలి కూతురికి ఇరువదిరెండేండ్లు. తండ్రి మగ్గముపై గద్వాల చీరలు నేయువాడు. చూపు మందగించుటచే ఇప్పుడు పని తగ్గించినాడు. ఇంటికి ఆసరాగా నుండవలెనని ఆ పిల్ల కోరిక. కనుబొమ్మలకు, పెదవులకు సూదితో రంగెక్కించు "పర్మనెంట్ మేకప్" అను విద్యకు పట్టణములలో మంచి గిరాకి యున్నదని విని, తల్లి తన గొలుసు కుదువబెట్టి యిచ్చిన సొమ్ముతో హైదరాబాదునకు పోయి, రెండుదినములలో శిక్షణ ముగించుకొని, బంగారురంగు అంచుగల యోగ్యతాపత్రముతోను, ఒక చిన్న యంత్రముతోను, నాలుగు రంగుసీసాలతోను తిరిగివచ్చినది. వచ్చినవెంటనే వనపర్తికి బస్సెక్కి నా యింటికి వచ్చినది.

"పెద్దమ్మా! మొదలు నీకే చేస్త. ఇగ రోజూ కాటుక పెట్టుకునే బాధ ఉండదు" అన్నది.

నాకు ఆశ కలుగలేదని చెప్పిన అబద్ధమగును. అయినను ఆ పిల్ల సంచి విప్పి సూదిని చేత బట్టుకొనగనే నా మనస్సు జంకినది. "ఇంతకుముందు ఎంతమందికి చేసినవే?" అని యడిగితిని. ఒక్కరికిని చేయలేదట. రబ్బరుతోలుపై రెండు గీతలు గీచినదట. "నాకు వేసే మాత్రలేమో, నాకు షుగరున్నదో లేదో నీకు తెలుసునా?" అంటిని. అది అడుగవలెనని తనకెవ్వరును చెప్పలేదన్నది. నేను వద్దంటిని. ఆ పిల్ల కన్నీళ్లు పెట్టుకొని సంచి సర్దుకొని పోయినది. ఆ రాత్రి నా చెల్లెలు ఫోనుచేసి, "నా బిడ్డ బతుకుతెరువుకు నువ్వే అడ్డం పడితివా అక్కా!" అన్నది. ఆ మాటకు నాకు నిద్రపట్టలేదు. ఊరకే వద్దనుట సులభము. ఏమి చేయవలెనో చెప్పుటయే పెద్దల పని. కావున మరునాడే చెల్లెలిని, పిల్లను బయలుదేరదీసి నాగర్‌కర్నూలులోని తమ్మునియింటికి పోతిమి. మా మరదలు ఆసుపత్రిలో నర్సు.

మా మరదలు కోపపడలేదు, మెచ్చుకొనలేదు. పిల్లను దగ్గర కూర్చుండబెట్టుకొని చర్మమునకు పొరలున్నవని చెప్పినది. పైపొరలో నిలిచిన రంగు కొలదిదినములలోనే రాలిపోవును. అంతకంటె లోతున రెండవపొర పైభాగమునకు చేరినదే నిలుచును. మరింత లోతునకు పోయినచో రక్తము కారి, రంగు చెదరి, మచ్చ పడును. శాశ్వతమను పేరే గాని యిది ఒకటి రెండు మూడేండ్లలో వెలిసిపోవును, మరల దిద్దించుకొనవలెను. అన్నిటికంటె ముఖ్యమైన దేమనగా, ఈ పనిలో సూది రక్తమును తాకును. ఒకరికి వాడిన సూదిని మరియొకరికి వాడినచో కామెర్ల వ్యాధికి మూలములగు హెపటైటిస్-బి, హెపటైటిస్-సి క్రిములును, ఎయిడ్సునకు మూలమగు క్రిమియు సంక్రమింపవచ్చును. కావున సూది ఒకరికి ఒక్కసారియే. పని ముగియగనే అది పొడుచుకొనిపోని గట్టిడబ్బాలో పడవలెను. మరల వాడవలసిన లోహపు పనిముట్లను మరగించిన చాలదు. ఆటోక్లేవు అను యంత్రమున 121 డిగ్రీల ఆవిరిలో, ఒత్తిడితో, పదునైదు నిమిషములకు తక్కువకాకుండ ఉంచవలెను.

"నీకు హెపటైటిస్-బి టీకా అయినదా?" అని మా మరదలు అడిగినది. కాలేదు. ఆ టీకా మూడుసార్లు వేయించుకొనవలెను: నేడొకటి, నెలకొకటి, ఆరవనెలకొకటి. హెపటైటిస్-సి కి అసలు టీకాయే లేదు. అది విని నాకొక సంగతి తోచినది. చేతికి విద్య రెండుదినములలో వచ్చెనని నమ్మినను, అదే చేతికి రక్షణ రావలెనన్న ఆరునెలలు పట్టుచున్నది! పిల్ల ముఖమును చూచితిని. తనకును అదే తోచినట్లున్నది.

తరువాత అనుమతిపత్రము సంగతి వచ్చినది. దుకాణము తెరచుటకు పురపాలక సంఘమువారి వ్యాపారానుమతి కావలెను. 1988 నాటి దుకాణముల చట్టము క్రింద కార్మికశాఖలో నమోదు కావలెను. పిల్ల పోయి విచారించి వచ్చి నవ్వుచు చెప్పినది: వ్యాపారానుమతికి రుసుమును గది వైశాల్యమును బట్టియు, దాని ముందరి వీథి వెడల్పును బట్టియు కట్టుదురట! వీథిని కొలుతురు గాని సూది పట్టిన చేతిని కొలువరు. మన దేశమున వైద్యునికి, నర్సునకు పట్టిక కలదు. ముఖముపై సూదితో రంగెక్కించువారికి మాత్రము ఇంత చదివి, ఈ పరీక్ష నిచ్చిననే చేయవలెనను కేంద్రశాసనము లేదు. గోడకు వ్రేలాడు యోగ్యతాపత్రము శిక్షణ యిచ్చినవారి మాటయే గాని ప్రభుత్వపు టనుమతి కాదని సోదరీమణులు గ్రహింపవలెను.

ఇతర దేశములలో నెట్లున్నదో కొంత తెలిసికొంటిని. అమెరికాలో మన తెలుగు ఆడపడుచులు పెక్కండ్రు నివసించుచున్నారు గనుక అది మనకు బొత్తిగా పరాయి సంగతి కాదు. అచ్చట చర్మసౌందర్య వృత్తికి రాష్ట్రమే అనుమతి నిచ్చును. కాలిఫోర్నియాలో అందుకు 600 గంటల శిక్షణ కావలెను. పచ్చబొట్టునకు, పర్మనెంట్ మేకప్పునకు 2012 జూలై నుండి అచ్చట వేరొక చట్టమున్నది. ఆ పని చేయువారు తమ పేరు నమోదు చేయించుకొని, రక్తముద్వారా వచ్చు వ్యాధులను గూర్చి ఏటేట శిక్షణ పొందవలెను. ఐరోపా సమాజమువారు 2022 జనవరి 4 నుండి ఇట్టి రంగులలో వాడు వేలకొలది రసాయనములకు హద్దులు విధించిరి.

అయినను చట్ట మెంత గట్టిదైన నంత మేలనుటయు సరికాదు. టెక్సాసు రాష్ట్రమున దారముతో కనుబొమ్మలు సవరించి బ్రతుకువారిని, వారిలో మన దేశమునుండి పోయినవారిని గూడ, 750 గంటల శిక్షణ పొందవలెనని నిర్బంధించిరి. వారు న్యాయస్థానమున కెక్కిరి. ఆ గంటలలో 320 గంటలు వారి పనికి సంబంధము లేనివని తేలి, 2015 జూన్ 26న ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము ఆ నిర్బంధమును కొట్టివేసెను. దారము చర్మమును చీల్చదు, సూది చీల్చును. విద్య యొక్క కాలమును పనిలోని అపాయమును బట్టి నిర్ణయింపవలెనని నాకు దీనివలన తెలిసినది. దారమునకు సంవత్సరము అక్కరలేదు. సూదికి రెండుదినములు చాలవు.

మరి మన పిల్లలకు మార్గమేది? మార్గము లేకపోలేదు. ప్రభుత్వము గుర్తించిన ఐ.టి.ఐ. విద్యలలో కాస్మెటాలజీ అను ఒక సంవత్సరపు చదువు కలదు. 1982లో కర్ణాటకమునందలి ఉజిరె గ్రామమున ఆరంభమైన పద్ధతిని అనుసరించి బ్యాంకులు నడుపుచున్న గ్రామీణ స్వయముపాధి శిక్షణసంస్థలలో బ్యూటీపార్లరు పనిని సుమారు నెలదినములు ఉచితముగ నేర్పుదురు; భోజనవసతియు వారిదే. ఇవి సూదివిద్యకు పునాదులు మాత్రమే. పునాది లేకుండ పైకప్పు వేయరాదు గదా! చర్మమును తాకుట, శుభ్రపరచుట, దద్దురును, శోభిని, మొటిమను వేరువేరుగ గుర్తించుట నేర్చిన పిమ్మటనే సూది పట్టవలెను.

మా చెల్లెలు మొదట ఒప్పుకొనలేదు. గొలుసు కుదువలో నున్నది, వడ్డీ పెరుగుచున్నది. "నెలకాలం కూసుండి నేర్సుకుంటే తిండెట్ల?" అన్నది. ఆమె మాటయు న్యాయమే. చివరకు గొలుసు వడ్డీని కొంతకాలము నేను కట్టునట్లును, పిల్ల శిక్షణ ముగిసినవెంటనే గద్వాలలో అనుభవముగల యొక స్త్రీ నడుపు పార్లరులో జీతమునకు చేరునట్లును కుదిరినది. నాకు ఋణభారము, చెల్లెలికి నిరీక్షణ, పిల్లకు ఓర్పు: ముగ్గురికిని తలా యొక భాగము వచ్చినది.

సోదరీమణులారా! మీరును ఇట్టి అలంకరణము చేయించుకొనదలచినచో సిగ్గుపడక కొన్ని ప్రశ్నలు అడుగుడు. సూదిపొట్లమును మీ కన్నులయెదుట విప్పుదురా? రంగుసీసాపై తయారుచేసినవారి పేరు, గడువుతేది యున్నవా? ఆ రంగును ముందుగ చెవివెనుక కొంచెము పూసి పరీక్షింతురా? మీ జబ్బులను, మందులను గూర్చి అడిగి వ్రాసికొందురా? చేసిన పిమ్మట వాపు వచ్చినచో ఎవరివద్దకు పంపుదురు? మధుమేహము గలవారును, రక్తము పలుచనగు మందులు వాడువారును, గాయములు ఉబ్బెత్తుగ మానువారును, గర్భిణులును వైద్యుని యడుగనిదే ఒప్పుకొనరాదు. అడిగినచో కోపపడువారివద్ద కూర్చుండవలదు. చట్టము కొలువని చేతిని మనమే కొలిచి చూచుకొనవలెను.

మా అవ్వకు పచ్చబొట్టు పొడిచిన స్త్రీకి ఏ పత్రమును లేదు. కాని ఆ విద్యను ఆమె తల్లి ప్రక్కన కూర్చుండి చిన్ననాటనుండి నేర్చినదై యుండును. ఏటేట అదే జాతరకు, అదే ముఖములయొద్దకు తిరిగిరావలసినది గనుక చేయి భద్రముగ నుంచుకొనెను. ఆమె యెరుగనిది ఒక్క క్రిముల సంగతియే. ఆమెకున్న ఓర్పును, మనకు నేడు తెలిసిన శుభ్రతయు ఒక్క చేతిలో కలిసిననాడు అట్టి చేతిని నమ్మవచ్చును.

ఇది జరిగి ఏడాది దాటినది. మా పిల్లకు టీకా మూడుసార్లును అయినది. గొలుసు ఇంకను పూర్తిగా విడిపింపలేదు గాని వడ్డీ తానే కట్టుకొనుచున్నది. ఇప్పుడు దారముతో కనుబొమ్మలు సవరించుటలో దానికి మంచిపేరు వచ్చినది. సాయంకాలములందు ఆ పార్లరు యజమానురాలి ఎదుట రబ్బరుతోలుపై సూదిపని సాధన చేయుచున్నది. మనుష్యులపై ఇంకను చేయలేదు. నేను ఇంకను కాటుకతోనే దిద్దుకొనుచున్నాను.

మొన్న వనపర్తికి వచ్చినపుడు నేనే నవ్వుచు, "ఇగ నాకెప్పుడు చేస్తవే?" అని యడిగితిని. ఆ పిల్ల నవ్వలేదు. సంచిలోనుండి ఒక పుస్తకము తీసి నా పేరు, వయస్సు, నేను వేసికొను మాత్రల పేర్లు వ్రాసికొని, "పెద్దమ్మా! నీ థైరాయిడు పరీక్ష కాగితం తీసుకరా. డాక్టరు సరేననకుంట నేను సూది పట్ట" అన్నది.

నేను లేచిపోయి బీరువాలో ఆ కాగితమునకై వెదకితిని.